లివర్ గట్టిగా ఉంటే బ్రేక్ బాగున్నట్టేనా? పాత నార్టన్ డిస్క్ బ్రేక్ విప్పి చూద్దాం

ఈరోజు ఎపిసోడ్ బ్రేకుల గురించి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మనవాళ్ళు చేసే టెస్ట్ ఒకటుంది. బండి స్టాండ్ మీద ఉండగానే ఫ్రంట్ బ్రేక్ లివర్ నొక్కి చూస్తారు. గట్టిగా తగిలిందా, "బ్రేక్ సూపర్ ఉందన్నా" అనేస్తారు. ఆ టెస్ట్ ఎందుకు సరిపోదో ఒక పాత బ్రిటిష్ బండి బ్రేక్‌ని రీబిల్డ్ చేసే పద్ధతి చూస్తే అర్థమవుతుంది. ఆ బండి నార్టన్ కమాండో.

నంద్యాల, ఆళ్లగడ్డ రోడ్ల మీద నాకైతే ఇంతవరకు ఒక్క కమాండో కూడా కనపడలేదు. మరి మనకెందుకు అంటారా? ఒకటి, నార్టన్ ఇప్పుడు మన దేశపు కంపెనీదే. 2020 ఏప్రిల్‌లో టీవీఎస్ కొనేసింది. రెండోది, అసలు కారణం: కమాండో డిస్క్, ఇంటి ముందున్న మీ పల్సర్ డిస్క్, పని చేసే సూత్రం ఒకటే.

1969లో హోండా సీబీ750 ఫ్రంట్ డిస్క్‌తో వచ్చేసరికి బ్రిటిష్ కంపెనీల డ్రమ్ బ్రేకులు ఒక్కసారిగా పాతబడిపోయాయి. నార్టన్ 1972 మోడల్ కమాండోకి డిస్క్ పెట్టింది. మరుసటి ఏడాది ట్రయంఫ్ బోనవిల్‌కి కూడా వచ్చింది.

లోపల ఏం జరుగుతుంది?

లివర్ నొక్కితే హ్యాండిల్ దగ్గరున్న మాస్టర్ సిలిండర్ ఫ్లూయిడ్‌ని తోస్తుంది. ఆ ప్రెషర్ హోస్ గుండా కిందికి, కాలిపర్‌లోకి వెళ్తుంది. కమాండో కాలిపర్‌లో డిస్క్‌కి అటొకటి, ఇటొకటి పిస్టన్లు ఉంటాయి. అవి ప్యాడ్లను డిస్క్‌కి అదుముతాయి.

మరి లివర్ వదిలితే పిస్టన్ వెనక్కి ఎలా వస్తుంది? కాలిపర్‌లో స్ప్రింగ్ ఏమీ లేదు. పిస్టన్ చుట్టూ ఒక రబ్బర్ సీల్ ఉంటుంది. పిస్టన్ ముందుకు పోయేటప్పుడు అది కొంచెం మెలి తిరుగుతుంది, ప్రెషర్ తగ్గగానే మళ్ళీ సర్దుకుంటూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. లీక్ కాకుండా ఆపేదీ అదే, స్ప్రింగ్‌లా పని చేసేదీ అదే. అందుకే ప్యాడ్లు మాత్రం మార్చేసి "బ్రేక్ కొత్తది చేశాం" అంటే కుదరదు.

గట్టి లివర్ చెప్పే మూడు అబద్ధాలు

మొదటిది, పట్టేసిన పిస్టన్. కమాండో పిస్టన్లు క్రోమ్ పూత వేసిన స్టీల్‌వి. బండి ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉంటే పూత కింద తుప్పు లేచి గుంతలు పడతాయి. పిస్టన్ కదలదు. అప్పుడూ లివర్ గట్టిగానే తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

రెండోది, లెక్క. కమాండో ఒరిజినల్ మాస్టర్ సిలిండర్ బోర్ 5/8 అంగుళం, అంటే 15.9 మి.మీ. లివర్ చెక్క ముక్కలా ఉంటుంది, బ్రేక్ మాత్రం బలహీనం. చాలామంది ఓనర్లు లోపల స్లీవ్ వేయించి బోర్‌ని 13 మి.మీ.కి తగ్గిస్తారు. ప్రెషర్ అంటే బలం భాగించు వైశాల్యం, ఇంటర్‌లో చదివిందే. 15.9 స్క్వేర్‌ని 13 స్క్వేర్‌తో భాగించండి, సుమారు 1.5 వస్తుంది. అదే చెయ్యి, అదే బలం, ఒకటిన్నర రెట్ల ప్రెషర్! బదులుగా లివర్ కూడా ఒకటిన్నర రెట్లు ఎక్కువ దూరం కదలాలి. అంటే ఇక్కడ లివర్ మెత్తబడ్డాకే బ్రేక్ బలపడింది.

మూడోది, అన్నిటికన్నా ప్రమాదం. డాట్ 3, డాట్ 4 ఫ్లూయిడ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ పరిమితి 155కి పడిపోతుంది. డాట్ 3కి అయితే 205 నుంచి 140. పొద్దున ఇంటి దగ్గర లివర్ గట్టిగానే ఉంటుంది. గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ దిగుతూ బ్రేక్ మీద చెయ్యి పెట్టే ఉన్నారనుకోండి, కాలిపర్ వేడెక్కి ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం అణగదు, ఆవిరి అణుగుతుంది. లివర్ హ్యాండిల్‌కి తగిలేస్తుంది, బండి ఆగదు. ఎదురుగా మలుపు!

రీబిల్డ్ వరుస

హోస్ ఊడదీయకముందే కాలిపర్‌ని ఫోర్క్ నుంచి విప్పి, ప్యాడ్లు తీసి, లివర్‌ని మెల్లగా పంప్ చేయాలి. ఆ ప్రెషరే పిస్టన్లను బయటికి తోస్తుంది. ఒకటి ముందే జారుతుంటే దాన్ని క్లాంప్‌తో ఆపి రెండోదాన్ని కదిలించాలి. కంప్రెసర్ గాలి కొడితే పిస్టన్ తూటాలా వస్తుంది, వేళ్ళు పోతాయి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

గుంతలు పడ్డ పిస్టన్‌ని ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్ళీ వేస్తే ఆ అంచులే కొత్త సీల్‌ని కోసేస్తాయి. కమాండోకి స్టెయిన్‌లెస్ పిస్టన్లు దొరుకుతాయి, అవే వేయాలి. సీల్ కూర్చునే గాడిని కూడా శుభ్రం చేయాలి. అక్కడ తుప్పు పొర ఉంటే కొత్త సీల్ కూడా పిస్టన్‌ని బిగించేస్తుంది.

మనం దీన్ని "బ్రేక్ ఆయిల్" అంటాం కదా, ఆ పేరే కొంప ముంచుతుంది. ఇది ఆయిల్ కాదు. ఇంజిన్ ఆయిల్, పెట్రోల్, మామూలు గ్రీజు ఏది తగిలినా ఆ సీల్ రబ్బర్ ఉబ్బిపోతుంది. సీల్స్‌కి పూయాల్సింది కొత్త బ్రేక్ ఫ్లూయిడే.

పాత రబ్బర్ హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుపోవచ్చు, దాన్నీ మార్చాలి. మాస్టర్ సిలిండర్‌లో సూది మొనంత రంధ్రం ఒకటుంటుంది. వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్ దాని గుండానే పైకి పోతుంది. అది మూసుకుపోతే మీరు లివర్ ముట్టుకోకపోయినా బ్రేక్ దానంతటదే పట్టేస్తుంది.

చివరగా గాలి తీయడం: లివర్ నొక్కి పట్టు, నిప్పుల్ తెరువు, మూసెయ్, అప్పుడే లివర్ వదులు. బుడగలు ఆగేదాకా ఇదే. ఫ్లూయిడ్ ట్యాంక్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద మామూలు స్పీడులో పదిపదిహేను సార్లు నెమ్మదిగా ఆపుతూ కొత్త ప్యాడ్లను డిస్క్‌కి అలవాటు చేయాలి.

మరి మీ బండికి?

ముందు చక్రం పైకి లేపి తిప్పండి. లివర్ నొక్కి వదిలాక కూడా ఫ్రీగా తిరగాలి. బిగుసుకుంటే సీల్, పిస్టన్, ఆ చిన్న రంధ్రం అనుమానించాలి. ఫ్లూయిడ్ టీ డికాషన్ రంగులోకి వస్తే మార్చండి. రంగు బాగున్నా రెండేళ్ళకోసారి మార్చాల్సిందే, మీ మాన్యువల్ అంతకంటే ముందే మార్చమంటే అదే పాటించండి. ఏ డాట్ వేయాలో రిజర్వాయర్ మూత మీదే రాసి ఉంటుంది. ఈ పని ముందెప్పుడూ చేయకపోతే తెలిసిన మెకానిక్ పక్కన కూర్చుని చేయండి. సాఫ్ట్‌వేర్‌లో తప్పు జరిగితే రోల్‌బ్యాక్ ఉంటుంది, ఘాట్‌లో ఉండదు.

వచ్చే ఎపిసోడ్‌లో డ్రమ్ బ్రేక్ విప్పుదాం. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి ఫ్రెండ్స్, ఉంటాను.