బాలింతకు తలనొప్పి తగ్గకపోతే

కాన్పయిన రెండో వారంలో తలనొప్పంటే ఇంట్లో కారణాలు చాలా చెబుతారు: నిద్ర చాలలేదు, చలిగాలి తగిలింది, తల సరిగా ఆరలేదు. చాలాసార్లు అది మామూలు నొప్పే. కానీ రోజురోజుకీ పెరుగుతూ, పడుకున్నా దగ్గినా ఎక్కువవుతూ, వాంతులూ మసక చూపూ తోడైతే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఫిట్స్ వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సిజేరియన్‌కి వెన్నులో ఇచ్చే మత్తు వల్ల వచ్చే తలనొప్పి సాధారణంగా లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. ఆ తీరు మారితే మళ్లీ డాక్టరుకు చూపించాలి.

మనకు తెలిసిన పక్షవాతంలో ఎక్కువగా మెదడుకు రక్తం తెచ్చే ధమని మూసుకుపోతుంది. ఇక్కడ మూసుకునేది రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిర. మురుగు కాలువ పూడిన చేలో నీరు నిలిచినట్టు రక్తం వెనక్కి నిలిచి, మెదడు వాస్తుంది. సన్నని నాళాలు చిట్లి రక్తం కారవచ్చు కూడా.

ప్రసవంలో రక్తస్రావం ఆగడానికి ఒళ్లే రక్తానికి గడ్డకట్టే గుణం పెంచుకుంటుంది. కాన్పు తర్వాత కొన్ని వారాలు అది ఎక్కువగానే ఉంటుంది. రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం కలిస్తే ముప్పు పెరుగుతుంది. పొట్ట పెరుగుతుందనో, బిడ్డకు జలుబు చేస్తుందనో బాలింతకు నీళ్లు కొలిచి ఇచ్చే పథ్యం మన ఇళ్లలో ఇంకా ఉంది. ప్రేమతోనే చేస్తారు. అయినా అమ్మమ్మలను చేతులెత్తి అడుగుతున్నాను: పాలిచ్చే తల్లిని దాహం తీరా తాగనివ్వండి.

ఇది బాలింతల జబ్బే అనుకోవద్దు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2012లో 428 మంది రోగుల వివరాలు ప్రచురిస్తే, సగానికి పైగా మగవాళ్లే.

మామూలు సీటీ స్కాన్ బాగుందన్నంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. సిరలను చూపించే ఎంఆర్ వెనోగ్రామో, సీటీ వెనోగ్రామో కావాలి. కాన్పు తేదీతో పాటు గర్భనిరోధక మాత్రలు, పూజకని నెలసరి వాయిదాకు వేసుకున్న మాత్రల సంగతి కూడా డాక్టరుకు మీరే చెప్పండి.

చికిత్స మాట రాగానే ఇంటివాళ్లు హడలిపోతారు. మెదడులో రక్తం కారిందంటూనే రక్తం పలచబరిచే హెపారిన్ ఇస్తామంటారేమిటని! ఈ భయం ఒకప్పుడు వైద్యులకూ ఉండేది. 1991లో జర్మనీలో 20 మందిపై జరిగిన అధ్యయనంలో హెపారిన్ తీసుకున్నవాళ్లే బాగా కోలుకున్నారు. అప్పటికే మెదడులో రక్తం కారినవాళ్లూ వారిలో ఉన్నారు. కారడానికి మూలం ఆ గడ్డే కదా! హెపారిన్ దాన్ని పెరగనివ్వదు, కరిగించే పని ఒళ్లు చూసుకుంటుంది. వాపు ప్రాణం మీదికి తెస్తే పుర్రె ఎముక కొంత తీసి మెదడుకు చోటిస్తారు.

తర్వాత సాధారణంగా 3 నుంచి 12 నెలలు రక్తం పలచబరిచే మాత్రలు వాడాలి. ఆ మాత్ర వార్ఫరిన్ అయితే, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్షలో విలువ 2, 3 మధ్య ఉండేలా డాక్టరు మోతాదు సర్దుతారు. హెపారిన్, వార్ఫరిన్ వాడుతూ బిడ్డకు పాలివ్వవచ్చు. 624 మంది రోగులతో 2004లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది పూర్తిగానో, చిన్నపాటి ఇబ్బందులతోనో కోలుకున్నారు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం మళ్లీ వాడకూడదు. వార్ఫరిన్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి, మళ్లీ గర్భం కోరుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి. అప్పుడు అవసరాన్ని బట్టి హెపారిన్ ఇంజెక్షన్లకు మారుస్తారు.