జఠరాగ్ని రహస్యము

భుజించిన అన్నము కడుపులో ఏమగును? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. విస్తరిలో తెల్లగా కనబడిన మెతుకు కొన్ని గంటలలో రూపుమాసి, రక్తముగను, కండగను, ఎముకగను మారుచున్నది. ముద్ద కంఠము దాటినంతనే కంటికి కనబడదు. కనబడని దానిని గూర్చి ఊహించుట తప్ప పూర్వులకు వేరు మార్గము లేకపోయెను.

అట్టి ఊహలు రెండు మన తెలుగు మాటలలోనే నిలిచియున్నవి. కడుపులో నిప్పు వంటిది ఒకటి యుండి అన్నమును మరల వండుచున్నదని తలచినవారు దానికి జఠరాగ్ని యని పేరిడిరి. గంధపుచెక్క సానరాతిమీద అరుగును. చెప్పులు నడువగా నడువగా అరుగును. అన్నమును కడుపులో అరుగునని మనము చెప్పుచున్నాము. మొదటి మాటలో పొయ్యి కలదు, రెండవ దానిలో తిరుగలి కలదు. ప్రాచీన గ్రీకులు కూడ ఈ క్రియను వంటతోడనే పోల్చిరి. ఐరోపా పండితులలో కొందరు వేడి యనిరి, కొందరు రాపిడి యనిరి, మరికొందరు అన్నము లోపల క్రుళ్లుచున్నదనిరి. పోయి చూచివచ్చినవాడు మాత్రము ఒక్కడును లేడు.

ఫ్రాన్సు దేశస్థుడైన రెయొమ్యూర్ 1752లో ఒక యుక్తి పన్నెను. గ్రద్ద జాతి పక్షులు తమకు అరగని ఎముకలను, ఈకలను తిరిగి కక్కివేయును గదా! అతడు చిన్న లోహపు గొట్టములో మాంసపు ముక్కనుంచి, రెండు కొనలకును జల్లెడవంటి మూతలు బిగించి, తన పెంపుడు గ్రద్దచేత మ్రింగించెను. పక్షి దానిని కక్కిన పిమ్మట చూడగా, లోహము అడ్డుగా నుండుటచేత రాపిడి తగులుటకు వీలులేకపోయినను, మాంసము చాలవరకు కరగిపోయి యుండెను. క్రుళ్లువాసన యేమియు లేదు. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు స్పల్లాంజాని ఇంకొక అడుగు ముందుకు వేసెను. అతడు చిన్న గుడ్డసంచులలో రొట్టెను, మాంసమును కుట్టించి తానే మ్రింగెను. ఊపిరాడక ప్రాణము పోవునేమో యను భయము అతనికి లేకపోలేదు, అయినను మ్రింగెను. సంచులు చిరుగకుండ బయటికి వచ్చినవి. లోపలి పదార్థము మాత్రము లేదు. కడుపులో ఊరు ఒక రసమే ఆహారమును కరగించుచున్నదని దీనివలన స్థిరపడెను. కాని ఆ రసము ఎట్టిది, ఎప్పుడు ఊరును, ఎంతసేపటిలో పనిచేయును అను సంగతులు చీకటిలోనే యుండెను.

ఆ చీకటిని తొలగించినది ఒక దురదృష్టకరమైన ప్రమాదము.

ఉత్తర అమెరికాలో హ్యూరన్, మిచిగాన్ అను మహాసరస్సులు కలియుచోట మాకినా యను చిన్న ద్వీపము కలదు. 19వ శతాబ్దపు ఆరంభమున అది జంతుచర్మముల వర్తకమునకు పేరుపొందిన స్థలము. వేసవి రాగానే వందలకొలది పడవవాండ్రు అడవులనుండి చర్మములను తెచ్చి అచ్చటి అంగడిలో దింపుచుండిరి. వారిలో అలెక్సిస్ సెంట్ మార్టిన్ అను యువకుడు ఒకడు. అతడు కెనడా దేశపు ఫ్రెంచివాడు, చదువు రానివాడు, రెక్కల కష్టము తప్ప వేరు ఆస్తి లేనివాడు. 1822వ సంవత్సరము జూన్ 6వ తేదీన ఆ అంగడిలో ఎవరిచేతనో యున్న తుపాకి పొరపాటున ప్రేలెను. గజము దూరములో నిలిచియున్న సెంట్ మార్టిన్ ఎడమ ప్రక్కలోనికి గుండ్లన్నియు దూసికొనిపోయినవి. ప్రక్కటెముకలు విరిగెను, ఊపిరితిత్తి చీలెను, జీర్ణకోశమునకు రంధ్రము పడెను. ఆ ఉదయము తినిన ఆహారము గాయము గుండ బయటికి కారుచుండెను.

ద్వీపమందలి కోటలో విలియం బోమాంట్ అను సైనిక వైద్యుడు ఉండెను. అతడు కళాశాలలో చదివినవాడు కాడు. ఒక వైద్యునియొద్ద శిష్యరికము చేసి వైద్యము నేర్చినవాడు. వెంటనే వచ్చి గాయము కడిగి కట్టు కట్టెనే కాని, రోగి బ్రదుకునని అతడు ఆశపడలేదు. మందులచేత మత్తు కలిగించుటగాని, గాయములలో క్రిములను చంపుటగాని తెలియని కాలమది. అయినను ఆ పడవవాడు బ్రదికెను. మొదటి రెండు వారములును తినినదంతయు రంధ్రము గుండ జారిపోవుచుండగా, వైద్యుడు ఎంతో ఓర్పుతో అతనిని కాపాడెను. నెలలు గడచెను. స్థానికాధికారులు ఈ బీదవానిని ఇక పోషింపజాలమని చేతులెత్తివేయగా, బోమాంట్ అతనిని తన యింటికే చేర్చుకొని దాదాపు రెండేండ్లు అన్నవస్త్రములిచ్చి చికిత్స చేసెను.

గాయము మానెను గాని రంధ్రము పూడలేదు. జీర్ణకోశపు అంచు ప్రక్కలోని చర్మముతో అతుకుకొని, లోపలికి ద్వారమొకటి నిలిచిపోయెను. కొంతకాలమునకు లోపలిపొర మడతపడి దానికి తలుపువలె అడ్డుపడెను. ఆ తలుపును వ్రేలితో నెట్టినచో జీర్ణకోశము లోపలి భాగము కంటికి కనబడుచుండెను. ఇట్టి అవకాశము వైద్యునికి దొరకుట మిక్కిలి అరుదని బోమాంట్ గ్రహించెను.

1825లో పరీక్షలు ఆరంభమయ్యెను. ఆగస్టు 1వ తేదీ మధ్యాహ్నము పండ్రెండు గంటలకు అతడు వండిన మాంసము, పచ్చిమాంసము, ఉప్పువేసిన క్రొవ్వుమాంసము, నిలువయున్న రొట్టె, కోసుకూర ముక్కలు — వీనిని పట్టుదారమునకు వరుసగా కట్టి, రంధ్రము గుండ లోపలికి జారవిడిచెను. గంటకొకసారి దారమును వెలికి లాగి చూచెను. మొదటి గంటకు కూరయు రొట్టెయు సగము కరగినవి. మాంసములు ఉన్నవి యున్నట్లే యుండెను. రెండవ గంటకు కూర, రొట్టె, క్రొవ్వుమాంసము, ఉడికించిన మాంసము దారమునుండి పూర్తిగా మాయమైనవి. పచ్చిమాంసమునకు మాత్రము మూడవ గంటకును పైపైన మెత్తబడుట తప్ప వేరు మార్పు లేదు. ఈలోగా సెంట్ మార్టిన్ కడుపులో బాధగా నున్నదని మొరపెట్టెను. పరీక్ష ఆపవలసి వచ్చెను.

వారము గడువకముందే మరియొక పరీక్ష జరిగెను. అతడు జీర్ణకోశమునుండి రసమును గొట్టముతో తీసి, గాజుసీసాలో పోసి, అందులో ఉడికిన మాంసపు ముక్కను వేసి, శరీరములో నుండునంత వేడి గల నీటిలో ఆ సీసాను ఉంచెను. నలువది నిమిషములకు మాంసము పైభాగము కరగసాగెను. సుమారు పదిగంటలలో పూర్తిగా కరగెను. కడుపులో ఈ పని ఇంతకంటె త్వరగా జరుగును. కాని సీసాలో కడుపు లేదు, ప్రాణమును లేదు, రసమును వెచ్చదనమును మాత్రమే యున్నవి. జఠరాగ్ని యనునది రసాయనక్రియయే యని చూపుటకు ఈ చిన్న సీసాను మించిన సాక్ష్యము లేదు.

జీర్ణకోశము ఖాళీగా నున్నపుడు రసము నిలువయుండదనియు, ఆహారము తగులగానే గోడలనుండి చెమటవలె ఊరుననియు బోమాంట్ కనుగొనెను. మెత్తగా నమలిన ఆహారము త్వరగా కరగును, పెద్దముక్కలు ఆలసించును. సారాయి మితిమీరి త్రాగిన దినములలో లోపలిపొర ఎర్రబడి పుండ్లు పడుచుండెను. చిత్రమేమన, ఆ మనిషికి మాత్రము బాధ యేమియు తెలియకుండెను. కోపము వచ్చినపుడు జీర్ణక్రియ చెడుచుండెను. ఆ పడవవానికి కోపము అరుదుగా వచ్చుచుండెనని చెప్పుటకు వీలులేదు. ఆకలితో కూర్చుండబెట్టి, ప్రక్కలో గొట్టములు దూర్చి, గంటలకొలది కదలనీయకున్నచో ఎవరికి కోపము రాదు?

1825లోనే సెంట్ మార్టిన్ చెప్పకుండ కెనడాకు వెడలిపోయెను. అచ్చట పెండ్లియాడి, బిడ్డలను కని, ప్రక్కలో రంధ్రముతోడనే మరల కూలికి పడవ నడపెను. బోమాంట్ అతని జాడ తెలిసికొని, 1829లో కుటుంబముతో కూడ తనయొద్దకు రప్పించెను. 1832లో ఇరువురికిని ఒడంబడిక వ్రాయబడెను. భోజనము, వసతి, బట్టలు గాక ఏటికి నూటయేబది డాలర్లు వేతనము. అందులకు ప్రతిఫలముగా అతడు తన శరీరమును పరీక్షలకు అప్పగింపవలెను. చేవ్రాలు రాదు గనుక ఆ పత్రముపై అతడు గుర్తు మాత్రమే పెట్టెను. వైద్యుడు అతని ప్రాణము నిలిపినమాట నిజము. అతని బీదరికము వైద్యునికి అనుకూలించినమాటయు నిజమే.

రెండువందలకు పైగా జరిగిన ఈ పరీక్షల వివరములను బోమాంట్ 1833లో గ్రంథముగా ప్రకటించెను. రసమును రసాయనశాస్త్రజ్ఞులకు పంపగా, అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలదని తేలెను. జంతువుల జీర్ణకోశములో ఆ ఆమ్లము కలదని ఇంగ్లండులో ప్రౌట్ అంతకుముందే 1824లో ప్రకటించియుండెను. ఆమ్లమొక్కటియే చాలదు, దానితోకూడ మాంసకృత్తులను విడగొట్టు మరియొక పదార్థము కలదని 1836లో జర్మనీ దేశస్థుడు ష్వాన్ కనుగొని, దానికి పెప్సిన్ అని పేరిడెను. ఇట్టి పదార్థములకే ఎంజైములని పేరు.

బోమాంట్ చూచిన ద్వారమునుండి అన్నియు కనబడలేదు. లాలాజలమునకు ఆహారమును మార్చు శక్తి లేదని అతడు తలచెను. అది పొరపాటు. పచ్చడి, పులుసు లేని వట్టి అన్నమును నోటిలో నుంచుకొని చాలసేపు నమలినచో తియ్యదనము తోచును. లాలాజలములోని ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చుటయే దీనికి కారణము. ఈ పరీక్షకు రంధ్రముగాని పట్టుదారముగాని అక్కరలేదు.

మ్రింగిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల పొడవు గల ఆహారనాళములో తనంతట తాను జారిపడునది కాదు. నాళపు గోడలలోని కండరములు వెనుకనుండి బిగియుచు, ముందునకు సడలుచు దానిని త్రోయును. కావుననే తలక్రిందుగా నున్నవాడును మ్రింగగలుగును. జీర్ణకోశమునందు ఆమ్లము ఆహారముతో వచ్చిన క్రిములను చాలవరకు చంపును, పెప్సిన్ పనికి తోడ్పడును. తిరుగలి యన్నవారి మాటయు పూర్తిగా అబద్ధము కాదు; కోశపు కండరములు ఆహారమును కలియబెట్టి చిలుకుచునే యుండును.

మాంసమును కరగించు రసము ఆ కోశమునే ఏల కరగింపదు? లోపలిగోడ మీద జిగురుపొర యొకటి కప్పియుండి, క్షారగుణముచేత ఆమ్లమును దరిచేరనీయదు. ఆ గోడయందలి కణములు కొద్దిదినములకొకసారి క్రొత్తవి పుట్టుచుండును. ఈ కాపుదల చెడినచోటనే పుండు పడును.

అయినను అసలైన పని జరుగుచోటు జీర్ణకోశము కాదు, సుమారు ఆరు మీటర్ల పొడవు గల చిన్నప్రేగు. జావవలె మారిన ఆహారము కొంచెము కొంచెముగా అందులోనికి దిగును. అచ్చట కాలేయమునుండి పైత్యరసమును, క్లోమమునుండి క్లోమరసమును వచ్చి కలియును. నూనెచేతులు నీటితో కడిగిన జిడ్డు పోదు. కుంకుడురసముతో కడిగిన పోవును. పైత్యరసము క్రొవ్వును అట్లే సన్నని బిందువులుగా విడదీయును. క్లోమరసము పుల్లదనమును విరిచి, పిండిపదార్థములను, మాంసకృత్తులను, క్రొవ్వులను మూడింటిని విడగొట్టును. ప్రేగు లోపలిగోడ మఖమలుగుడ్డవలె లక్షలకొలది సన్నని మొలకలతో నిండియుండును. వీనికి ఆంత్రచూషకములని పేరు. చక్కెరలు, మాంసకృత్తుల అంశములు వీని గుండ రక్తములో చేరి కాలేయమునకు పోవును. క్రొవ్వులో అధికభాగము వేరుదారిలో, శోషరసనాళముల గుండ, తుదకు రక్తమునే చేరును.

మిగిలిన పీచును, నీరును పెద్దప్రేగునకు దిగును. పీచును విడగొట్టు ఎంజైములు మానవునికి లేవు. పెద్దప్రేగులో నివసించు సూక్ష్మజీవులు దానిలో కొంతభాగమును తమ ఆహారముగా చేసికొనును. నీటిలో చాలభాగము ఇచ్చట రక్తమునకు తిరిగి చేరును.

1834లో సెంట్ మార్టిన్ కెనడాకు పోయి, ఎన్ని లేఖలు వ్రాసినను బోమాంట్ వద్దకు తిరిగి రాలేదు. బోమాంట్ 1853లో సెంట్ లూయీ నగరమున మంచుమీద జారిపడి, ఆ దెబ్బవలన మరణించెను. బ్రదుకడనుకొన్న పడవవాడు గాయపడిన పిమ్మట ఏబది యెనిమిదేండ్లు జీవించి, తనను కాపాడిన వైద్యుని తరువాత ఇరువదియేడేండ్లకు, 1880 జూన్ 24వ తేదీన కన్నుమూసెను. ఆ జీర్ణకోశమును భద్రపరచి ప్రదర్శనశాలలో నుంచవలెనని ప్రఖ్యాత వైద్యుడు ఆస్లర్ కోరెను. కుటుంబమువారు అంగీకరింపలేదు. వేసవి యెండలో దేహమును కొన్నిదినములు అట్లే యుంచి, ఎవరికిని పనికిరాదని తెలిసిన పిమ్మటనే, ఎవరును త్రవ్వి తీయజాలనంత లోతున దానిని పూడ్చిపెట్టిరి. 1962లో కెనడా శరీరశాస్త్రజ్ఞుల సంఘమువారు ఆ సమాధి చెంత అతని పేరిట ఒక ఫలకమును నిలిపిరి.