అడవి కాలితే ముద్దాయి, చేను కాలితే అనామకుడు

ఖమ్మం, భద్రాచలం అడవులలో వేసవి ఇప్పపూలు రాలే కాలం. పూలు ఏరుకొనేందుకు చెట్ల కింది ఎండుటాకులను కాల్చడం పాత అలవాటు. ఆ నిప్పు పాకితే ఎవరిని పట్టుకోవాలో చట్టానికి బాగా తెలుసు. రిజర్వుడు అడవిలో నిప్పు పెట్టడం నేరమని 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం చెబుతుంది. 1927 నాటి భారత అటవీ చట్టమైతే, తీవ్ర నిర్లక్ష్యంతో మంట లేచిన చోట మేత హక్కులను, అటవీ ఉత్పత్తుల హక్కులను ప్రభుత్వం నిలిపివేయవచ్చునన్నది. నిప్పు ఒకరిది, శిక్ష ఊరందరిది!

మరి అదే మంట అడవి అంచున ఉన్న చేనును, గుడిసెను బూడిద చేస్తే? బాధితుడు వెళ్లవలసింది అటవీ శాఖ వద్దకు కాదు, తహసీల్దారు వద్దకు. విపత్తు సహాయ నిధి వర్తించే విపత్తులలో అగ్నిప్రమాదం కూడా ఉంది. 2022–26 నిబంధనల ప్రకారం కాలిన గుడిసెకు 8,000 రూపాయలు. వర్షాధార పంట 33 శాతం లేదా అంతకు మించి పోతే హెక్టారుకు 8,500, అంటే ఎకరాకు 3,400 చిల్లర. ఇల్లయితే అది అధీకృత కట్టడమని ధ్రువీకరణ కావాలి. పోడు భూమిలోని ఇంటికి ఆ ధ్రువీకరణ ఎవరిస్తారు?

కులం ప్రవేశించేది ఇక్కడే. పంచనామా రాసేవారి మొదటి ప్రశ్న, ‘పట్టా ఎవరి పేర?’ 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనుడు 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నట్లు చూపితే చాలు. దళితుడు, వెనుకబడిన కులాలవాడు మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం నిరూపించాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం పంచిన సుమారు 4 లక్షల ఎకరాల పోడు పట్టాలు గిరిజనులవే. అది వారి హక్కు. అందులో ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. కానీ మైదానంలో సెంటు భూమి లేక అడవి అంచుకు చేరిన మాల, మాదిగ కుటుంబం ఏ కాగితం చూపాలి? మధిర ఎస్సీ రిజర్వుడు స్థానం, భద్రాచలం ఎస్టీ రిజర్వుడు స్థానం. ఓటుపెట్టె దగ్గర గుర్తుకొచ్చే కులం బూడిదకుప్ప దగ్గర గుర్తుకు రాదు.

నిప్పు ఎవరో కావాలని పెట్టినదైతే సంగతి వేరు. దళిత, గిరిజనుల ఆస్తికి ఇతరులు నిప్పు పెట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నేరం. నివాసానికి పెడితే యావజ్జీవ శిక్ష. పంటను నాశనం చేయడాన్ని, అటవీ హక్కులకు అడ్డుపడడాన్ని 2016 జనవరి నుంచి అమలైన సవరణ నేరాల జాబితాలో చేర్చింది. నియమాల ప్రకారం బాధితునికి జిల్లా యంత్రాంగం సహాయం చెల్లించాలి. అయితే ఇదంతా ఎఫ్‌ఐఆర్‌లో రాసే మాటపై ఆధారపడి ఉంటుంది. ‘ప్రమాదవశాత్తు’ అన్న ఒక్క పదం పడిందా, అత్యాచారం కాస్తా అగ్నిప్రమాదమవుతుంది, పరిహారం కాస్తా 3,400 అవుతుంది.

ఊళ్లకు వెళ్లే విద్యార్థులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. అటవీ హక్కుల నియమాలలో 13వ నియమం పెద్దల లిఖిత వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా అంగీకరిస్తుంది. 75 ఏళ్ల నివాసానికి సాక్ష్యం చెప్పగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. మంట లేచాక కాదు, ఈ వేసవి రాకముందే వారి మాటలు గ్రామసభ రికార్డుకు ఎక్కాలి.