గండికోట విడిదికి తగిన చిన్న కత్తి

కడప జిల్లాలోని పెద్దముడియము కుందూ నది లోయలో నల్లరేగడి నేలపై వెలసిన ఊరు. శనగ, జొన్న పండు ఆ మైదానమున రైతు చేతిలో కొడవలి యున్న చాలును. అచ్చటినుండి నైరుతిగా జమ్మలమడుగు దాటి పోయినచో నేల స్వరూపము మారును. ఎర్రమల కొండలు, వానిని చీల్చుకొని పారు పెన్నానది, ఆ లోయ అంచున గండికోట. ఇటీవలి కాలమున పలువురు యువకులు అచ్చట గుడారములు వేసికొని రాత్రి గడపుచున్నారు. అట్టివారి మూటలో తప్పక ఉండదగిన పనిముట్టు చిన్న కత్తి. అంగడిలో కత్తులు పలు రకములు. పెద్దదానిని కొనవలెనా? మెరయుదానిని కొనవలెనా?

మొదట కత్తికి పడు పనులేవో చూడవలెను. త్రాడు కోయుట, గుడారమునకు మేకులు చెక్కుట, కూరలు తరుగుట, ఎండుకట్టెను సన్నని పేళ్ళుగా చేసి నిప్పు రాజవేయుట - ఇంతే. వీనికి 8 మొదలు 10 సెంటీమీటర్ల పొడవు గల అలుగు చాలును. అలుగు పొడవైనకొలది మొన చేతికి దూరమగును. చేతి అదుపు తగ్గును.

మడుచు కత్తి జేబులో ఇముడును గాని, దాని బలమంతయు కీలువద్దనున్న చిన్న చీలపై ఆధారపడియున్నది. కట్టెను చీల్చునపుడు ఆ కీలు వదులు కావచ్చును. అలుగు వ్రేళ్ళపైకి మూసికొనవచ్చును. కావున మడువని కత్తియే మేలు. అందులోను అలుగునకు చెందిన ఉక్కు పిడి చివరివరకు ఒకే పట్టీగా సాగియుండవలెను. పిడిలో కొంచెమే దిగినచో అతుకువద్ద విరుగును.

దళసరి విషయమున ఒక లెక్క గలదు. పట్టీ వంగక నిలుచు బిగువు దాని దళసరియొక్క ఘనమును బట్టి పెరుగును. 2 మిల్లీమీటర్ల అలుగునకు మారుగా 3 మిల్లీమీటర్లది తీసికొన్నచో దళసరి ఒకటిన్నర రెట్లే, కాని బిగువు సుమారు 3.4 రెట్లు. అయితే మరీ దళసరియైనచో అది వస్తువును కోయదు, పగులదీయును. 3 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండుట తగును.

ఇక ఉక్కు సంగతి. శుద్ధమైన ఇనుము మెత్తనిది. అందులో నూటికి అరపాలు మొదలు ఒక పాలు వరకు కర్బనము చేరినపుడు కత్తికి తగిన ఉక్కగును. దీనిని సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఎర్రగా కాచి నూనెలో ముంచినచో, కర్బన పరమాణువులు బయటపడుటకు వ్యవధిలేక ఇనుప స్ఫటికములలో చిక్కుకొనును. అందువలన ఉక్కు కఠినమగును. గాజువలె పెళుసును అగును. మరల 200 డిగ్రీలకు పైబడిన వేడిలో కొంతసేపుంచినచో పెళుసుదనము తగ్గి దెబ్బ కోర్చు గుణము వచ్చును. కత్తి నాణ్యమంతయు ఈ రెండు గుణముల పొందికయే.

ఈ విద్య తెలుగునాట క్రొత్తది కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో చేసిన ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చెడివారు. 19వ శతాబ్దపు తొలిపాదమున హెన్రీ వాయిసే ఆ పద్ధతిని చూచి వర్ణించెను.

1913లో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ ఉక్కులో నూటికి సుమారు 13 పాళ్ళు క్రోమియము కలిపి, త్రుప్పు పట్టని ఉక్కును తయారుచేసెను. నదీతీరమున, తడిలో వాడువారికి ఇది అనుకూలము. కేవల కర్బనపు ఉక్కు సులభముగా పదునెక్కును. చెకుముకి రాతితో కొట్టిన నిప్పురవ్వలు రాల్చును. కాని వాడిన వెంటనే తుడిచి నూనె రాయవలెను. రెండింటిలో ఏది యైనను, గండికోట రాళ్ళకు అంచు తగులనీయరాదు. ఆ రాళ్ళలో నిండియున్న క్వార్ట్జు కత్తి ఉక్కుకంటె కఠినము. ఒక్క గీతతో పదును పోవును.

చట్టమును కూడ గమనింపవలెను. 2016 నాటి ఆయుధ నియమములు, గృహ వ్యవసాయాది పనులకై చేసినవి కాక, అలుగు 9 అంగుళములకు మించి పొడవు గాని 2 అంగుళములకు మించి వెడల్పు గాని గల కత్తులను ఆయుధముల పట్టికలో చేర్చినవి. పైన చెప్పిన కత్తి అందులో సగమైనను లేదు.

చివరగా, కత్తి చేయరాని పని యొకటి గలదు. పాము కరచినచోట కోసి రక్తము తీసినచో విషము పోవునను నమ్మకము ఇంకను కొందరిలో నున్నది. అట్లు కోసినను విషము బయటికి రాదు. పైగా రక్తపింజరి విషము నెత్తురు గడ్డకట్టు శక్తిని పోగొట్టును. అట్టి సమయమున కోసిన గాయమునుండి కారు రక్తము ఆగకపోవచ్చును. బిగించి కట్టు కట్టుటయు హానియే. ఉంగరములు, గాజులు తీసివేసి, కరచిన కాలును గాని చేతిని గాని కదలకుండ ఉంచి, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి తక్షణమే చేర్చవలెను. ఆ గడియలో కత్తికి తగిన పని, కాలికి ఆసరాగా కట్టుటకు ఒక కర్రను నరికి, గుడ్డను పట్టీలుగా కోసి ఇచ్చుట మాత్రమే.