చలి ఉదయాన మొరాయించే నమూనా విమానం ఇంజను

వేసవి సాయంత్రం ప్రొపెల్లర్‌ను ఒక్కసారి తిప్పగానే అందుకున్న గ్లో ఇంజను, డిసెంబరు తెల్లవారుజామున దగ్గి దగ్గి ఆగిపోతుంది. ఆదిలాబాద్ ప్రాంతంలో శీతాకాలపు ఉదయాలు 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోవడం కొత్త కాదు. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనా విమానాలు ఎగరవేసిన వారికి ఈ చికాకు తెలిసే ఉంటుంది. ఇంజనులో ఏ లోపమూ లేకపోయినా ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం.

ఈ ఇంధనంలో ప్రధానమైనది మిథనాల్. కందెనగా ఆముదం గానీ కృత్రిమ నూనె గానీ, తరచుగా కొంత నైట్రోమీథేన్ కూడా కలుపుతారు. చేతిమీద స్పిరిటు పూసుకుంటే చల్లగా ఉంటుంది కదా! ఆ గుప్తోష్ణమే ఇక్కడి చిక్కు. ఒక కిలో మిథనాల్ ఆవిరి కావడానికి సుమారు 1100 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. పెట్రోలుకు అందులో మూడో వంతు చాలు. పైగా అంతే గాలికి పెట్రోలు కంటే మిథనాల్ రెండింతలకు మించి పడుతుంది. దాదాపు 11 డిగ్రీలకు దిగువన అది అంటుకోవడానికి తగినంత ఆవిరినివ్వదు. ఆవిరి కాని ద్రవం సిలిండర్‌లో చేరి గ్లో ప్లగ్‌ను తడిపేస్తుంది. ప్లగ్‌లోని ప్లాటినం తీగ మిథనాల్‌కు ఉత్ప్రేరకంగా పనిచేస్తూ ఎర్రగా ఉండాలి. అది చల్లబడితే బ్యాటరీ తీసిన మరుక్షణం ఇంజను ఆగుతుంది. చలిలో బ్యాటరీ కూడా నీరసిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఉమ్ముతున్న ఇంధనాన్ని చూసి మిశ్రమం చిక్కగా ఉందనుకొని నీడిల్ వాల్వ్‌ను బిగిస్తారు. నేనూ ఒకసారి అదే చేశాను. నేలమీద ఇంజను చక్కగా మోగింది. పైకి లేచిన కొద్దిసేపటికే ఆగిపోయింది. విమానం కందిచేనులో దొరికింది, పిస్టన్‌పై గీతలతో.

నిజానికి చలిలో మిశ్రమం పలుచబడుతుంది. ఒక ఘనపు మీటరు గాలి ద్రవ్యరాశి 35 డిగ్రీల వద్ద సుమారు 1.15 కిలోలు, 10 డిగ్రీల వద్ద 1.25 కిలోలు. గాలి పెరిగింది, నూనె స్నిగ్ధత పెరగడం వల్ల ఇంధన ప్రవాహం మాత్రం తగ్గింది. ఎగిరేటప్పుడు ప్రొపెల్లర్ మీద భారం తగ్గి వేగం పెరుగుతుంది, మిశ్రమం ఇంకా పలుచబడుతుంది. ఇంధనంతోపాటే కందెన కూడా తగ్గుతుంది కనుక పిస్టన్ దెబ్బతింటుంది.

కాబట్టి ముందు ఇంజనును వేడెక్కనివ్వండి, ఆ తర్వాతే నీడిల్ ముట్టుకోండి. రాత్రి ఇంధనం సీసాను పొయ్యికి దూరంగా ఇంట్లోనే ఉంచండి. దాన్ని మంటమీద మాత్రం ఎన్నడూ వేడిచేయకండి. మిథనాల్ మంట పగటివెలుగులో సరిగా కనబడదు. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీయకుండా ఒకటి రెండు నిమిషాలు నడపండి. తర్వాత పూర్తి వేగంలో, ప్రొపెల్లర్ వెనుక నిలబడి, ఇంధన గొట్టాన్ని క్షణంపాటు నొక్కి వదలండి. వేగం కాస్త పెరిగి తగ్గితే మిశ్రమం సరిపోయేంత చిక్కగా ఉన్నట్లు. పెరగకుండానే పడిపోతే నీడిల్‌ను కొద్దికొద్దిగా వదులుచేసి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ బ్యాటరీ తీయగానే ఆగుతుంటే, మరింత వేడిని నిలుపుకొనే రకం ప్లగ్ అమర్చి చూడండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: 10 డిగ్రీల వద్ద సరిచేసిన నీడిల్‌ను కదపకుండా, మధ్యాహ్నం 30 డిగ్రీల వద్ద అదే విమానాన్ని ఎగరవేస్తే మిశ్రమం ఎటు మారుతుంది? కారణాలు రాయండి.