మీకు తెలుసా? పారిస్‌లో జేబు భద్రం!

● 2013 ఏప్రిల్‌లో లూవ్ర్ మ్యూజియం ఒకరోజు మూతపడింది. జేబుదొంగల బెడద భరించలేక సిబ్బందే విధులు మానేశారు. 2015 మే నెలలో ఈఫిల్ టవర్ సిబ్బందీ అదే పని చేశారు!

● దారిలో ఎవరో ‘బంగారు ఉంగరం’ దొరికిందంటూ మీకు చూపిస్తారు. అది ఇత్తడిది. తీసుకుంటే డబ్బు అడుగుతారు.

● సాక్రే కేర్ చర్చి మెట్ల దగ్గర కొందరు పలకరిస్తూనే చేతికి రంగు దారం కట్టేసి డబ్బు అడుగుతారు. చేతులు జేబులో పెట్టుకుని, ఆగకుండా నడవండి.

● ఏదో వినతిపత్రం మీద సంతకం చేయమని అట్టముక్కతో చుట్టుముట్టే గుంపు ఉంటుంది. మీ చూపు కాగితం మీద ఉండగా ఇంకొకరి చెయ్యి మీ సంచిలో ఉంటుంది.

● మెట్రోలో తలుపులు మూసుకునే క్షణంలో ఫోన్ లాక్కుని దిగిపోతారు. తలుపు పక్కన నిలబడి ఫోన్ చూడకండి.

● విమానాశ్రయం నుంచి పారిస్ నగరానికి టాక్సీ ఛార్జీలు 2016 నుంచి స్థిరంగా నిర్ణయించినవే. విమానాశ్రయం లోపల టాక్సీ కావాలా అంటూ వెంటపడేవారిని నమ్మకండి. అధికారిక టాక్సీ వరుసకే వెళ్లండి.

● ఈఫిల్ టవర్ టికెట్లకు 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ చెల్లుతోంది. ఎక్కువ నగదు మోయనక్కర్లేదు.

● పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు ఫిర్యాదు, ఆ తర్వాత భారత రాయబార కార్యాలయం. జిరాక్స్ కాపీ విడిగా దాచుకోండి.

అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి. మన దేశంలోనూ అదే నంబరు!