విద్యుజ్జాలమునకు బహిరంగ గణితము

ప్రజలకు విద్యుచ్ఛక్తిని విక్రయించుటకై రాక్షసిబొగ్గును కాల్చిన మొదటి కేంద్రము 1882వ సంవత్సరమున లండను నగరమందు హోల్బర్ను వయాడక్టు కడ ఏర్పడినది. బ్రిటను దేశమున అట్టి కేంద్రములలో కడపటిదైన రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ 2024 సెప్టెంబరు 30వ తేదీన మూతపడినది. 2012లో ఆ దేశపు విద్యుత్తున నూటికి దాదాపు నలువది పాళ్లు బొగ్గువలననే పుట్టుచుండెను. పండ్రెండేండ్లలో అది సున్న యయ్యెను.

ఇంతటితో పని ముగిసినదని తలపరాదు. బొగ్గు పోయినను సహజవాయువు మండుచునే యున్నది. దానివలనను బొగ్గుపులుసుగాలి ఆకాశమున చేరుచున్నది. 2008లో చేసిన శాసనమును 2019లో సవరించి, 2050 నాటికి ఈ గాలి విడుదలను నికరముగా శూన్యము చేయుదుమని ఆ దేశమువారు కట్టుబడిరి. 2030 నాటికే విద్యుత్తున నూటికి తొంబదియైదు పాళ్లైనను నిర్మలమైన మార్గములనుండి రావలయునని 2024 డిసెంబరున వారి ప్రభుత్వము ప్రకటించినది. ఎన్ని గాలిమరలు వలయును? వానిని ఎచ్చట నిలుపవలయును? ఏ తీగమార్గమును వెడల్పు చేయవలయును? వ్యయమెంత, అది యెవరి తలపై పడును? దేశమును ఒకసారి కట్టి చూచి, నచ్చకున్న కూల్చి మరల కట్టుట సాధ్యము కాదు గదా! అందుచేత దేశమునకు బదులుగా దేశపు లెక్కను కట్టి చూతురు. దీనినే నమూనా యందురు.

అట్టి నమూనాలలో నొకటి ఎడింబరో విశ్వవిద్యాలయమువారు రచించిన పైప్సా-జీబీ. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున కొందరు పరిశోధకులు పైప్సా అను గణనక్రమమును నిర్మించి, దాని వివరణమును 2018లో ప్రకటించిరి. దానిని పునాదిగా గొని బ్రిటను దేశమునకు తగినట్లు ఎడింబరోవారు ఇల్లు కట్టిరి. ఇందలి సూత్రములును, అంకెలును, యంత్రమునకిచ్చిన ఆజ్ఞలును సర్వము బహిరంగము. ఎవరైనను ఉచితముగా తీసికొని చదువవచ్చును, దిద్దవచ్చును, తమ ప్రశ్నను తామే వేసి చూడవచ్చును.

దాని నడక యెట్టిదో చెప్పెదను. దేశమును కొన్ని కూడళ్లుగా విభజింతురు. ప్రతి కూడలియందును ఉత్పత్తి యెంత, వాడుక యెంత, పొరుగు కూడళ్లకు పోవు తీగల మోతాదు ఎంత అని వ్రాసికొందురు. ఏడాదికి 8,760 గంటలు. ప్రతి గంటకును, ప్రతి కూడలికిని, పుట్టినదియు వచ్చినదియు కలిసి, వాడినదానికిని పోయినదానికిని సమము కావలయును. ఈ నిబంధనల కన్నిటికి లోబడి వ్యయము మిక్కిలి తక్కువగు మార్గమును యంత్రము వెదకును. ఇట్టి వెదకులాటకు రష్యాలో కాంటొరోవిచ్ 1939లోను, అమెరికాలో డాంట్‌జిగ్ 1947లోను దారి చూపిరి.

మన చెరువు క్రింది కాలువలతో దీనిని పోల్చవచ్చును గాని ఒక భేదము కలదు. నీరు మనము తూము తెరచిన వైపునకు పోవును. విద్యుత్తు అట్లు గాక, తనకు దొరకిన దారులన్నిటను వాని వాని నిరోధమును బట్టి తానే పంచుకొని ప్రవహించును. కిర్కాఫ్ అను విద్వాంసుడు 1845లో చెప్పిన నియమములివి. కావున ఒక తీగ బలహీనమైనచో దాని ప్రభావము వందల మైళ్ల దూరమున కనబడును.

స్థలభేదము నేల యింతగా పట్టించుకొనవలయునో ఒక చిన్న లెక్కతో చూతము. ఉత్తరము, దక్షిణము అను రెండే కూడళ్లున్నవనుకొందము. ఉత్తరమున గాలివలన పండ్రెండు పాళ్లు పుట్టును, వాడుక నాలుగు పాళ్లు. దక్షిణమున వాడుక ఇరువది పాళ్లు. అచ్చటి అణుకేంద్రములు మొదలైనవి తొమ్మిది పాళ్ల నిచ్చును. మొత్తము మీద వాడుక ఇరువదినాలుగు, నిర్మలశక్తి ఇరువదియొకటి. తక్కిన మూడు పాళ్లకు మాత్రము సహజవాయువు చాలునని పైపై లెక్క చెప్పును. కాని నడుమనున్న తీగ అయిదు పాళ్లకన్న మోయలేదనుకొనుడు. ఉత్తరమున మిగిలిన ఎనిమిదింట అయిదే దాటును, మూడు వ్యర్థము. దక్షిణమున ఆరు పాళ్ల సహజవాయువు కాల్చవలసివచ్చును. మూడనుకొన్నది ఆరయ్యెను!

ఇది ఊహామాత్రము కాదు. గాలి విశేషముగా వీచునది స్కాట్లాండున. జనము కిక్కిరిసినది ఇంగ్లండు దక్షిణభాగమున. సరిహద్దు దాటు తీగలు చాలనపుడు ఉత్తరపు గాలిమరల యజమానులకు ఆపుటకు సొమ్మిత్తురు. దక్షిణపు సహజవాయువు కేంద్రములకు నడపుటకు సొమ్మిత్తురు. రెండును గృహస్థుని బిల్లులోనికే చేరును. ఈ చిక్కును తగ్గించుటకు హంటర్‌స్టన్ నుండి ఉత్తర వేల్సునకు సముద్రగర్భమున సుమారు 2,200 మెగావాట్ల తీగ వేసిరి. అదియు చాలలేదు.

ఇక నిలువ మాట. వేల్సులో ఒక కొండ కడుపున డినార్విగ్ అను కేంద్రము 1984 నుండి పనిచేయుచున్నది. విద్యుత్తు మిగిలినపుడు నీటిని పై జలాశయమునకు ఎక్కించి, కొరత వచ్చినపుడు దింపి, సుమారు 1,700 మెగావాట్ల నిచ్చును. మన శ్రీశైలపు ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రమును ఇట్లే రెండు విధముల త్రిప్పుటకు వీలుగా కట్టిరి. డినార్విగ్ నిండుబలముతో నడచినచో అయిదారు గంటలలో జలాశయము ఖాళీయగును. శీతకాలమున గాలి స్తంభించినచో దినములకొలది స్తంభించును. గంటలకు చాలు నిలువ దినములకు చాలదు.

ఈ లెక్క బహిరంగముగా ఏల ఉండవలయును? పంచాంగకర్తలు ఇరువురు ఏకాదశిని రెండు దినములందు చెప్పినపుడు మనమేమి చేయుదుము? ఏ సిద్ధాంతము ననుసరించిరి, ఏ ధ్రువకములను గైకొనిరి అని అడుగుదుము. చూపినవానితో వాదింపవచ్చును, చూపనివానితో వాదమే లేదు. నేను బడిలో లెక్కలు చెప్పిన కాలమున, జవాబు సరియైనను చేసిన దారి పలకపై కానరానిచో పూర్తి మార్కులు ఇచ్చెడివాడను కాను. కోటానుకోట్ల పౌనుల వ్యయమును నిర్ణయించు లెక్కకు అంతకన్న తక్కువ కట్టుబాటు తగునా?

దారి కనబడిన యెడల దోషములును కనబడును. ఇట్టి నమూనాలలో సాధారణముగా యంత్రమునకు ఏడాది గాలియు నెండయు ముందే తెలిసియుండును. ఫలాని వారమున గాలి యాడదని దానికి నెల ముందుగనే తెలియును గనుక, జలాశయమును నిండుగా నుంచుకొని కాచుకొనును. నిజమైన అధికారికి ఈ త్రికాలజ్ఞత లేదు. కావున నమూనా చెప్పిన నిలువ నిజమునకు చాలకపోవచ్చును. అట్లే ఏ సంవత్సరపు వాతావరణమును గైకొనిరో చూడవలయును. 2010లో బ్రిటనున గాలి తక్కువ, చలి యెక్కువ. ఆ యేటి లెక్క వేరు, గాలి బాగుగా వీచిన యేటి లెక్క వేరు. ఐరోపా వాతావరణ కేంద్రమువారు 1940 మొదలు గంటగంటకు గల వివరములను ఉచితముగా ఇచ్చుచున్నారు గనుక, సందేహించువాడు ఏడు మార్చి తానే చూచుకొనవచ్చును. ఎడింబరోవారు తమ నమూనాలో భవిష్యత్తునకై గైకొన్న అంకెలు విద్యుజ్జాల నిర్వాహకులే ప్రకటించినవి. నిర్వాహకుల మాటను వారి యంకెలతోనే పరులు పరీక్షించుట యిందు నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

ఒక ఆక్షేపణ కలదు. సూత్రములు ఉచితమైనను, సమీకరణములను సాధించు గణనక్రమములలో మేలైనవి కొన్ని ఎక్కువ వెల గలవి. పుస్తకము దానమిచ్చి దీపమునకు వెల గట్టినట్లుండును. హైస్ అను ఉచిత సాధనము అదే ఎడింబరోలో పుట్టి ఈ కొరతను చాలవరకు తీర్చినది.

మన దేశమున ఈ పద్ధతి బొత్తిగా క్రొత్త కాదు. డేవిడ్ మెకే అను కేంబ్రిడ్జి ఆచార్యుడు బ్రిటను ప్రభుత్వపు సలహాదారుగా నుండగా, 2050 వరకు శక్తి లెక్కను ఎవరైనను మార్చి చూచుకొను పట్టికను 2010లో వెలువరించిరి. ఆ మాదిరిననుసరించి మన ప్రణాళికా సంఘమువారు 2047 వరకు గల పట్టికను 2014లో ప్రకటించిరి. పిదప నీతి ఆయోగ్ దానిని సాగించినది. అంతకు ముందే, 2013 డిసెంబరు 31న, రాయచూరు–షోలాపూరు తీగతో దక్షిణాది విద్యుజ్జాలము తక్కిన దేశముతో ఏకమైనది. అనంతపురపు ఎండయు, గుజరాతు గాలియు నాటినుండి ఒక్క జాలమున చేరినవి. పైని చెప్పిన ఉత్తర దక్షిణముల లెక్కను ఈ రెంటికి వేయదలచిన విద్యార్థికి పైప్సా కావలసినపుడు దొరకును. మామూలు కంప్యూటరు చాలును. కష్టమంతయు ఏ తీగ ఎంత మోయునో, ఏ గంట ఎంత వాడుకయో సరియైన అంకెలు సంపాదించుటయందే కలదు.